హెల్సింకి నుంచి టోక్యోకు ఆకాశమార్గం

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకికీ జపాన్ రాజధాని టోక్యోకూ మధ్య నేరు దూరం సుమారు 7,800 కిలోమీటర్లు. ఆ దారిలో అత్యధిక భాగం రష్యా నేల మీదే సాగుతుంది. అందువల్ల ఈ ప్రయాణానికి ఎన్ని గంటలు పట్టాలన్నది విమాన వేగం కన్నా మాస్కో అనుమతి మీదే ఎక్కువగా ఆధారపడింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ ప్రభుత్వం సైబీరియా గగనతలంలోకి విదేశీ విమానాలను రానివ్వలేదు. యూరప్ నుంచి జపాన్ వెళ్లేవారు పశ్చిమాసియా, భారతదేశం, ఆగ్నేయాసియాల మీదుగా ఆగుతూ ఆగుతూ పోవలసి వచ్చేది. రెండు రోజులకు పైగా పట్టేది. 1957 ఫిబ్రవరి 24న స్కాండినేవియా విమాన సంస్థ ఎస్‌ఏఎస్ కోపెన్‌హాగెన్ నుంచి ఉత్తర ధ్రువం వైపుగా, అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి టోక్యో చేరే సర్వీసు మొదలుపెట్టింది. డీసీ-7సీ ప్రొపెల్లర్ విమానాలు సుమారు 32 గంటల్లో గమ్యం చేరేవి.

ధ్రువం మీద దారి తెలుసుకోవడం సామాన్యమైన పని కాదు. అయస్కాంత దిక్సూచిని అక్కడ నమ్మడానికి లేదు. రేఖాంశాలన్నీ ఒకచోటికి చేరడం వల్ల, తిన్నగా పోతున్నా దిశ అంకె నిమిష నిమిషానికీ మారిపోతుంది. అందుకే నావిగేటర్లు పటం మీద సమాంతర గళ్లు గీసుకుని వాటినే దిక్కులుగా లెక్కించేవారు. దిశ తప్పకుండా ప్రత్యేకమైన గైరోస్కోపులు కాపాడేవి, సూర్యుణ్నీ నక్షత్రాలనూ చూసి ఆ లెక్కను సరిచూసుకునేవారు. 

1970 నుంచి మాస్కోలో ఆగే షరతుతో కొన్ని సంస్థలకు సైబీరియా దారి దొరికింది. ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్ మాత్రం 1983 ఏప్రిల్‌లో అదనపు ఇంధనం పట్టే డీసీ-10తో ఎక్కడా ఆగని హెల్సింకి–టోక్యో సర్వీసు తెచ్చింది. విమానం ధ్రువం దాటి, బేరింగ్ జలసంధి మీదుగా పసిఫిక్‌లోకి దిగేది. సోవియట్ సరిహద్దును తాకకుండా చుట్టి రావడానికి సుమారు 13 గంటలు. ఆ సరిహద్దు ఎంత ప్రమాదకరమో అదే ఏడాది సెప్టెంబర్ 1న తెలిసింది. యాంకరేజ్ నుంచి సియోల్ వెళ్తూ దారి తప్పిన దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం సఖాలిన్ దగ్గర కూల్చివేసింది. 269 మంది మరణించారు.

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక సైబీరియా తెరుచుకుంది. రష్యాకు భారీ రుసుము కట్టవలసి వచ్చినా ప్రయాణం తొమ్మిదిన్నర గంటలకు తగ్గింది. ఒకే విమానం 24 గంటల్లో వెళ్లి తిరిగి రాగలగడంతో, ఫిన్‌ఎయిర్ తన ఆసియా వ్యాపారాన్నంతా ఈ అనుకూలత మీదే కట్టుకుంది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో ఆ తలుపు మళ్లీ మూసుకుంది. మార్చిలో పునరుద్ధరించిన సర్వీసుకు మళ్లీ సుమారు 13 గంటలు పట్టింది. ఇప్పుడు గాలివాటాన్ని బట్టి ధ్రువం మీదుగానో, మధ్య ఆసియా, చైనాల మీదుగానో దారి ఎంచుకుంటారు. రానూ పోనూ 26 గంటలవుతోంది కనుక ఒక రోజులో తిరిగొచ్చే వీలు పోయింది.