కొండ కనబడాలి, మబ్బూ మిగలాలి

భువనగిరి గుట్టను ఫొటో తీయబోయినవాళ్లకు ఒక చిక్కు తప్పదు. ఒకే రాయిగా లేచిన గుట్ట, దాని నెత్తిన త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మోస్తున్న కోట. ఎండకు ఎదురుగా నిలబడి రాయి గరుకుదనం కనబడేలా తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. మబ్బులను పట్టుకుంటే గుట్ట నల్లముద్దవుతుంది. 2022 మార్చి 28న తిరిగి తెరుచుకున్న యాదగిరిగుట్ట ఆలయంలో నల్లరాతి శిల్పాల దగ్గరా ఇదే కష్టం. మన కన్ను రెండింటినీ చూడగలదు. కెమెరా మాత్రం ఒక క్లిక్కులో ఫొటో మొత్తానికీ ఒకటే ఎక్స్‌పోజర్, అంటే ఒకటే కొలత వెలుగు, ఇస్తుంది.

ఈ చిక్కు కెమెరా పుట్టినప్పటిది. తొలినాటి గాజు పలకల మీద నీలిరంగు వెలుగు తొందరగా పనిచేసేది. నేల సరిగ్గా పడేలోపే ఆకాశం వెలిసిపోయేది. రాజా దీన్‌దయాళ్ ఆరవ నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా చేరిన 1880ల నాటికి పలకలు మెరుగుపడ్డాయి గానీ ఆ కాలపు ఫొటోల్లో బోసి ఆకాశాలు మామూలే. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే 1850లలోనే దీనికో దారి వెతికాడు. సముద్రానికి ఒక నెగెటివ్, మబ్బులకు ఇంకొకటి తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ప్రింటు వేశాడు. ఫొటోలో ఒక్కో భాగానికి ఒక్కో ఎక్స్‌పోజర్ ఇవ్వవచ్చని అందరికీ కనబడేలా చేసిన తొలి పనుల్లో అదొకటి.

ఆ తర్వాత పని డార్క్‌రూమ్‌లోకి వచ్చింది. నెగెటివ్‌ను పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ వెలుగు కాగితం మీద పడుతుండగా, తీగకు అంటించిన అట్టముక్కను మధ్యలో అడ్డుపెడితే ఆ చోటు లేతబడుతుంది. అది డాడ్జింగ్. అట్టకు బెజ్జం చేసి, కావలసిన చోటికే మరికొన్ని సెకన్లు వెలుగు పంపితే ముదురుతుంది. అది బర్నింగ్. చెయ్యి కదులుతూనే ఉండాలి, ఆగితే అట్ట అంచు గీతలా పడుతుంది. ఈ విద్యను శిఖరానికి తీసుకెళ్లినవాడు అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం తీశాడు. సమాధుల శిలువల మీద సాయంత్రపు వెలుగు జారిపోతోంది. వెలుగును కొలిచే లైట్ మీటర్ చేతికి దొరకలేదు. చంద్రుడి కాంతి ఎంతో తెలుసు కాబట్టి దాన్నిబట్టి లెక్కగట్టాడు. నెగెటివ్‌లో నేల భాగం పలచగా వచ్చింది. 1948లో ఆ కింది భాగాన్ని మాత్రమే రసాయనంతో చిక్కబరిచాడు. ఏళ్లు గడిచేకొద్దీ తన ప్రింట్లలో ఆకాశాన్ని ఇంకా నలుపు చేస్తూ పోయాడు. నెగెటివ్ ఒకటే, మారుతూ వచ్చింది ఆయన మనసులోని ఆకాశం. ఎక్స్‌పోజర్ సవరణ అబద్ధమనేవాళ్లు ఈ ఒక్క బొమ్మ చరిత్ర తెలుసుకుంటే చాలని నా నమ్మకం.

డార్క్‌రూమ్ నుంచి కంప్యూటర్‌కు దారి వేసినవాళ్లు నోల్ సోదరులు. మిషిగన్‌లో వాళ్ల తండ్రికి ఇంట్లోనే డార్క్‌రూమ్ ఉండేది. థామస్ నోల్ 1987లో పిహెచ్‌డి చేస్తూ బొమ్మలు చూపే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. తమ్ముడు జాన్ సినిమా గ్రాఫిక్స్ సంస్థలో పనిచేసేవాడు, దాన్ని పెంచమని పోరుపెట్టాడు. అదే 1990 ఫిబ్రవరిలో అడోబీ అమ్మకానికి తెచ్చిన ఫొటోషాప్. డార్క్‌రూమ్‌లో పెరిగిన పిల్లలు కాబట్టే డాడ్జ్, బర్న్ అన్న మాటలు అట్టముక్క బొమ్మతో సహా టూల్స్‌లోకి వచ్చి కూర్చున్నాయి.

ఫొటోలో ఒక భాగాన్నే సవరించడంలో అసలు గుట్టు మాస్క్‌లో ఉంది. భువనగిరి పక్కనున్న పోచంపల్లిలో నేతన్నలు నూలుకు రంగు ఎక్కకూడని చోట బిగించి కట్టి, మిగతాది రంగులో ముంచినట్టే మాస్క్ పనిచేస్తుంది. మాస్క్ అంటే ఫొటో మీద పరిచిన నలుపు తెలుపుల పొర. తెల్లగా ఉన్నచోట సవరణ పూర్తిగా పడుతుంది, నల్లగా ఉన్నచోట అసలు పడదు, బూడిదరంగులో సగంసగం. అంచు మెత్తగా లేకపోతే గుట్ట చుట్టూ తెల్లటి అంచు కట్టి దొరికిపోతుంది. పిక్సెల్‌తో పాటు అది ఎంత కనబడాలో కూడా ఒక అంకెగా దాచే ఆల్ఫా పద్ధతి 1970లలోనే ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్మల్ ఆలోచన. 1994లో ఫొటోషాప్‌కు లేయర్లు వచ్చాక అసలు ఫొటో చెడకుండా పైపొర మీదే పనిచేసే వీలు కలిగింది.

తర్వాతి మార్పులు చకచకా జరిగాయి. ముఖం మీద ఒక చుక్క పెడితే అదే రంగున్న చోటును సాఫ్ట్‌వేరే వెతుక్కునే పద్ధతిని నిక్ సంస్థ 2006లో నికాన్ క్యాప్చర్ ఎన్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెచ్చింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన శంతను నారాయణ్ అడోబీ సారథి అయిన మరుసటి ఏడు, 2008లో, ఆ సంస్థదే మరో ఫొటో సాఫ్ట్‌వేర్ అయిన లైట్‌రూమ్‌కు, కావలసిన చోటనే సవరణ పూసే అడ్జస్ట్‌మెంట్ బ్రష్ వచ్చింది. 2011లో స్నాప్‌సీడ్ యాప్ పుట్టి కొద్దికాలానికే ఆ చుక్కను ఫోన్లకు తెచ్చింది. 2021లో ఆకాశాన్ని, మనిషిని వేరుచేసే మాస్క్‌ను లైట్‌రూమ్ తనంతట తానే గీయడం మొదలుపెట్టింది.

అయినా లేనిదాన్ని బ్రష్ తేలేదు. జేపీజీ ఫొటోలో ఒక్కో రంగుకు 256 మెట్లే. కెమెరా పట్టిన వెలుగును కుదించకుండా దాచే 14 బిట్ల రా (RAW) ఫైల్‌లో 16,384. అందుకే నీడలో పడ్డ రాయిని రా ఫైల్‌లో ఒక స్టాప్, అంటే రెట్టింపు, వెలిగించినా దాని గరుకుదనం చెడకుండా బయటపడుతుంది. జేపీజీలో అదే పని ఎక్కువ చేస్తే చుక్కలు లేస్తాయి. ఆకాశం పూర్తిగా తెల్లబడి మెట్లన్నీ నిండిపోతే ఏ ఫైలూ మబ్బును తిరిగివ్వలేదు. తీసేటప్పుడే మబ్బును కాపాడుకొని, నీడను తర్వాత తెరవాలి.

మన పెళ్లి ఆల్బమ్‌ల దగ్గర మాత్రం నాకు బాధ కలుగుతుంది. ఫిల్మ్ రోజుల్లోనే స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో ముఖాలకు టచింగ్ చేసేవారు. పెన్సిల్ పడ్డచోట ప్రింటులో తెలుపు వచ్చేది. ఇప్పుడు అదే పని బ్రష్‌తో నిమిషంలో అవుతోంది. చామనఛాయ పెళ్లికూతురి ముఖానికి మాస్క్ వేసి తెల్లగా తోమేస్తున్నారు, మెడా చేతులూ మాత్రం ఆమె రంగులోనే మిగులుతున్నాయి. నూటయాభై ఏళ్లకు పైగా ఇంతమంది శ్రమపడింది నీడలో ఉన్నదాన్ని కనబడనివ్వడానికి, మనిషి రంగు మార్చడానికి కాదు. ఈసారి ఆల్బమ్‌కు ఆర్డర్ ఇచ్చేటప్పుడు స్టూడియో వాళ్లకు ఒక్కమాట చెప్పండి: కళ్ల కింది నీడ తీయండి, మా అమ్మాయి రంగు మాత్రం ఉన్నదున్నట్టు ఉంచండి.