మందు మనవాడిది, మరుపు నాది

ప్రత్యేక సంచికలో ఆరోగ్యం గురించి ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు కబురు పెట్టారు. నేను డాక్టరును కాను. ముప్పై ఆరేళ్లు ఖజానా శాఖలో బిల్లులు చూసి 2008లో రిటైరయిన అకౌంటెంటును. లెక్కలు తప్ప మరొకటి రాసి ఎరగను. అయినా ఒక సంగతి మీకు చెప్పాలని చాలాకాలంగా మనసులో ఉంది. మన సభ్యులలోనూ, వారి ఇళ్లలోనూ క్యాన్సరుకు మందు తీసుకున్నవారు ఉన్నారు. వారిలో కొందరైనా నాలాగే ఒక బాధను పైకి చెప్పుకోకుండా ఉండివుంటారు. ఆ బాధ పేరు మరుపు. దానికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన తెలుగువాడు ఒకరున్నారు. అందుకే ఈ వ్యాసం.

1999లో, నా నలభై తొమ్మిదో ఏట, నాకు రొమ్ము క్యాన్సరు అని తేలింది. ఆపరేషను అయ్యాక ఆరు విడతలు కీమోథెరపీ ఇచ్చారు. మూడు మందులు. సైక్లోఫాస్ఫమైడ్ మాత్రలు, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ ఇంజక్షన్లు. మూడు మందుల మొదటి ఇంగ్లీషు అక్షరాలను కలిపి సి.ఎం.ఎఫ్. అనేవారు. మెథోట్రెక్సేట్ పసుపురంగులో ఉంటుంది. నరంలోకి అది దిగుతుంటే పసుపునీళ్లు ఎక్కిస్తున్నట్టు ఉండేది. వాంతులు, నీరసం, జుట్టు పలచబడటం గురించి ముందే చెప్పారు కాబట్టి వాటికి సిద్ధపడే ఉన్నాను. చెప్పనిది ఒకటి వచ్చింది.

నాకు ఆఫీసులో ఒక పేరుండేది. నాలుగు వరుసల కూడిక మిషను లేకుండా నోటితో వేసేదాన్ని. పద్దుల నంబర్లు పుస్తకం తెరవకుండా చెప్పేదాన్ని. మూడో విడత తరువాత సెలవు ముగించి డ్యూటీలో చేరితే, కూడిక సగంలో ఎక్కం జారిపోయేది. ఒకే వరుస మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చేవి. ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయేది. చదివిన పేరానే మళ్లీ చదివేదాన్ని. తలలో మంచు పట్టినట్టు ఉండేదంటే సరిగ్గా చెప్పినట్టవుతుంది.

ఆ రోజుల్లోనే ఒక ముసలావిడ ఫ్యామిలీ పెన్షను బకాయిల బిల్లు నా దగ్గరకు వచ్చింది. నేను తేదీ ఒకటి తప్పు వేయడంతో అది తిరిగి వచ్చింది. సరిచేస్తూ మరొక అంకె తప్పు వేశాను. ఆవిడ మూడుసార్లు బస్సెక్కి వచ్చింది. మూడోసారి కూడా "కాగితాలు సరిగ్గా లేవమ్మా" అన్నాను. కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా లేనిది నేను. ఆవిడ నాకు దణ్ణం పెట్టి వెళ్లింది. అప్పటి సంగతులు ఎన్నో మరచిపోయాను గాని అది మాత్రం మరువలేదు. ఆ మరుసటి నెలలో ఇన్‌వార్డు సెక్షనుకు మార్చమని నేనే అర్జీ పెట్టుకున్నాను. కారణం రాయలేదు.

డాక్టరు గారిని అడిగాను. "వయసు, దిగులు. ప్రాణం దక్కింది, సంతోషించండి" అన్నారు. అది కోపంతో అన్నమాట కాదు. ఇంటిలోనూ అదే మాట. నాకు మాత్రం బుద్ధి మందగించిందనే నమ్మకం కుదిరిపోయింది. పన్నెండేళ్లు ఆ నమ్మకంతోనే బతికాను.

ఇక చరిత్రకు వస్తాను. ఆ మూడు మందులకూ మూడు పుట్టుకలు ఉన్నాయి.

మొదటిది యుద్ధంలో పుట్టింది. 1917లో బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్లు మస్టర్డ్ వాయువు ప్రయోగించారు. అది తెల్ల రక్తకణాలను, ఎముకలలోని మజ్జను నాశనం చేస్తుందని తరువాత గమనించారు. 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆ జాతికే చెందిన నైట్రోజన్ మస్టర్డును ఒక లింఫోమా రోగికి రహస్యంగా ఇచ్చి చూశారు. గడ్డలు కరిగాయి, అయితే ఆ మేలు ఎక్కువ కాలం నిలవలేదు. యుద్ధ రహస్యం కావడంతో 1946 దాకా ఆ సంగతి అచ్చు కాలేదు. నేను మింగిన సైక్లోఫాస్ఫమైడ్ 1950లలో జర్మనీలో ఆ వంశంలోనే తయారయింది. మూడవదైన ఫ్లోరోయురాసిల్ 1957లో అమెరికాలో చార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం నుంచి వచ్చింది.

రెండవది, ఆ పసుపురంగు మందు, మనవాడిది. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1920లలో అమెరికా వెళ్లి హార్వర్డులో పనిచేశారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. స్ప్రూ అనే జబ్బుతో ఆయన తన సోదరుణ్ణి పోగొట్టుకున్నారు. ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకు పనిచేసే మందయింది.

అదే సమయంలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలను చూస్తున్నారు. ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు ఇంకా పెరుగుతున్నట్టు ఆయనకు తోచింది. అయితే దానికి విరుగుడు ఇస్తే తగ్గాలి గదా అనుకున్నారు. ఆ విరుగుళ్లను తయారుచేసి ఇచ్చింది సుబ్బారావు గారి బృందం. చూడటానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి, కణంలో దాని స్థానం ఆక్రమించి, కణం విభజన చెందకుండా అడ్డుకునే పదార్థాలు అవి. అమినోప్టెరిన్ అనే విరుగుడును 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో కొంతకాలం గుణం కనిపించిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. అంతవరకు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు డాక్టర్లు చేయగలిగింది ఏమీ లేదు. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. ఆయన వయసు 53. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బిళ్ల విడుదల చేసింది. నాలుగేళ్ల తరువాత ఆయన మందు నా నరంలోకి ఎక్కుతుందని అప్పుడు నాకేం తెలుసు!

ఈ మూడు మందులనూ కలిపి ఇటలీలోని మిలాన్‌లో జియాన్నీ బొనడోన్నా బృందం ఆపరేషను అయిన స్త్రీలకు ఇచ్చింది. 1976లో ఫలితాలు వచ్చాయి. 27 నెలల తరువాత చూస్తే, మందులు ఇవ్వనివారిలో నూటికి 24 మందికి జబ్బు తిరగబెట్టింది. ఇచ్చినవారిలో 5 మందికే తిరగబెట్టింది. మన పరిభాషలో చెప్పాలంటే అంత పెద్ద జమ అది. ఆ జమ ముందు ఖర్చు పద్దు ఎవరు చూస్తారు? బతికారా లేదా అన్నదే లెక్క. అది న్యాయమే కూడా.

కాని బతికినవారు ఇంటికి వచ్చారు, ఉద్యోగాలలో చేరారు. మరుపు బయటపడింది అక్కడే. మంచం మీద ఉన్న రోగికి పద్దు నంబరుతో పనేముంది? కుర్చీలో కూర్చున్నదానికే అది కావాలి. ఈ బాధ చరిత్రకు ఎక్కడానికి అంతకాలం పట్టిందంటే నాకు తోచిన కారణం ఇదే. లుకేమియా పిల్లల తలకు రేడియేషను, పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్ కలిపి ఇస్తే మెదడులోని తెల్ల పదార్థం దెబ్బతినవచ్చని 1970లలోనే గుర్తించారు. మామూలు మోతాదు తీసుకున్న పెద్దవాళ్ల సంగతి పట్టించుకున్నవారు తక్కువ. 1980లో అమెరికాలో పీటర్ సిల్బర్‌ఫార్బ్ అనే డాక్టరు, కీమోథెరపీ తీసుకునేవారిలో ఆలోచనాశక్తి తగ్గుతోందని, దాన్ని దిగులు మీదికి తోసేయడానికి వీల్లేదని రాశారు. ఆ మాట చాలాకాలం అలాగే పడివుంది.

1998లో నెదర్లాండ్స్ డాక్టర్లు పరీక్షలు పెట్టి కొలిచారు. రొమ్ము క్యాన్సరుకు పెద్ద మోతాదు కీమో తీసుకున్నవారిలో నూటికి 32 మందికి, మామూలు మోతాదు వారిలో 17 మందికి, కీమో లేనివారిలో 9 మందికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటివి తగ్గినట్టు తేలింది. మరుసటి ఏడు అదే దేశంలో సి.ఎం.ఎఫ్. తీసుకున్నవారినే పరీక్షించారు. నూటికి 28 మందికి లోపం కనిపించింది. తీసుకోనివారిలో అది 12. దిగులు, అలసట దానికి కారణం కావని కూడా చూశారు. ఆ ఏడు ఏదో గమనించారా? 1999. నేను ఇన్‌వార్డు సెక్షనుకు అర్జీ రాసుకున్న సంవత్సరం, నేను తీసుకున్న మందులు. నా బాధ అక్కడ అంకెలలోకి ఎక్కుతుంటే ఇక్కడ నేను సిగ్గుతో దాచుకుంటున్నాను.

2012లో మా అమ్మాయి మరొక పరిశోధన గురించి చదివి వినిపించింది. సి.ఎం.ఎఫ్. తీసుకుని సగటున 21 ఏళ్లు గడిచిన 196 మంది స్త్రీలను, క్యాన్సరు రాని 1509 మందితో పోల్చి చూశారు. తేడా చిన్నదే, అయినా ఉంది. మాటలు గుర్తుంచుకోవడంలో, పని వేగంలో వారు కొంచెం వెనకబడ్డారు. "అమ్మా, ఇది నీ గురించే" అంది. ఆ రోజు నేను ఏడ్చాను. జబ్బు అని చెప్పిన రోజున కూడా అంత ఏడవలేదు.

2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ఎలుకల మీద పరిశోధించి, మెథోట్రెక్సేట్ వల్ల మెదడులోని కావలి కణాలు రెచ్చిపోయి, నరాలకు తొడుగు వేసే కణాల పెంపకం చెడుతోందని చూపారు. ఎలుకల సంగతి మనుషులకు పూర్తిగా వర్తిస్తుందని అనలేం. తప్పంతా మందుదే అనీ అనకూడదు. కొందరిలో కీమో మొదలు కాకముందే ఈ లోపం కనిపించింది. జబ్బు, మత్తుమందు, నిద్రలేమి, రక్తం తక్కువ కావడం, ముట్లు ఆగడం, అన్నీ కలిసే పనిచేస్తాయి. అందుకే ఇప్పుడు డాక్టర్లు దీన్ని క్యాన్సరుకు సంబంధించిన ఆలోచనాలోపం అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తున్నారు. పేరంటూ ఏర్పడింది, అది చాలు.

నేను గట్టెక్కిన విధానం కూడా చెబుతాను. మన పాత చిట్టా, ఆవర్జాలే నాకు దారి చూపాయి. ఒకే నోటుపుస్తకం పెట్టుకున్నాను. చీటీలు రాస్తే ఆ చీటీలనే మరచిపోతాం. ఏ పని తోచినా చిట్టాలో ఎక్కించి, సాయంత్రం అయినవి కొట్టేసి, మిగిలినవి మరునాటి పేజీకి తేవడం. తాళాలకు ఒకే మేకు, కళ్లజోడుకు ఒకే చోటు. లెక్కల పని పొద్దున్నే, ఒకటి ముగిశాకే రెండోది. గ్యాసు ఆపితే "ఆపాను" అని పైకి అనడం. డబ్బు వ్యవహారం ఏదైనా రెండో మనిషి చేత చెక్ చేయించడం. ట్రెజరీలో ఒక్క సంతకంతో బిల్లు పాసవుతుందా? ఇంట్లో మాత్రం ఎందుకు పాసవ్వాలి? రోజూ నడక, వేళకు నిద్ర. వీటివల్ల రెండేళ్లలో చాలావరకు తేరుకుని మళ్లీ బిల్లుల సెక్షనుకు వచ్చాను. నోటి కూడిక మాత్రం తిరిగి రాలేదు. కాలిక్యులేటరు వాడాను. ఆకాశమేమీ ఊడిపడలేదు.

మీకు నా మనవి మూడు మాటలు. ఒకటి, మరుపు ఉంటే డాక్టరుకు చెప్పండి. థైరాయిడ్, బి 12, రక్తహీనత, దిగులు వంటి నయం చేయగల కారణాలు ఉంటే పరీక్షలో తెలుస్తాయి. కీమో రోజుల్లో జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి అయోమయం కలిగినా, మాట తడబడినా, చెయ్యో కాలో పడిపోయినా, అది మామూలు మరుపు అనుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రెండు, మరుపుకు భయపడి మందు మానకండి. నేను డెబ్బై అయిదు దాటి ఈ వ్యాసం రాస్తున్నానంటే ఆ మూడు మందుల చలవే. సుబ్బారావు గారి బాకీ నేను తీర్చుకోలేనిది. మూడు, ఇంట్లో ఎవరైనా అలా తడబడితే "నీకు శ్రద్ధ లేదు" అనకండి.

ఆ పెన్షను బిల్లు నాలుగోసారి పాసయింది. ఆవిడకు డబ్బు అందింది. నిజం మాత్రం అందలేదు. ఆవిడ ఊరు గుర్తుంది, పేరు గుర్తు రావడం లేదు. ఆ ఆఫీసులో నాతో పనిచేసినవారెవరైనా ఇది చదివి, ఆవిడ పిల్లలు తెలిసివుంటే, కాగితాలన్నీ సరిగ్గానే ఉండేవని, తప్పు నాదేనని వారికి చెప్పవలసిందిగా ప్రార్థిస్తున్నాను.