పట్టునేత బయోసెన్సర్

విద్యుత్ వాహక సిరా పూసిన పట్టుదారాలతో చేమగ్గం మీద నేసిన పరీక్ష పట్టీ ఇది. ద్రవ నమూనాలోని గ్లూకోజు, హిమోగ్లోబిన్‌ల మోతాదును కరెంటు కొలతగా చూపుతుంది. దీన్ని రూపొందించినది బెంగళూరులోని అచీరా ల్యాబ్స్‌కు చెందిన ధనంజయ దెందుకూరి బృందం. పట్టుగూళ్ల మార్కెట్ ఉన్న హిందూపురానికి ఆ నగరం సుమారు 100 కిలోమీటర్ల దూరం.

ద్రవంలోని జీవపదార్థాన్ని విద్యుత్తుతో పసిగట్టే ఆలోచన పాతదే. 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ఆక్సిజన్ ఎలక్ట్రోడుకు ఎంజైమును జోడించి గ్లూకోజును కొలిచే దారి చూపారు. బంగారు నానోకణాలు ఈ రంగంలోకి వేరే తోవన వచ్చాయి. 1971లో ఫాక్, టేలర్ యాంటీబాడీలను బంగారు కణాలకు అంటించింది సూక్ష్మదర్శినిలో కనిపించడం కోసమే. ఆ కణాలనే విద్యుత్ పరీక్షకు వాడినవారిలో చాడ్ మిర్కిన్ బృందం పేరెన్నికగన్నది. 2002లో వారు రెండు ఎలక్ట్రోడుల నడుమ సన్నని సందు వదిలారు. వెతుకుతున్న డీఎన్‌ఏ దొరికితే బంగారు కణాలు ఆ సందులో చిక్కుకుంటాయి. వాటి మీద వెండి పేరుకుని రెండు ఒడ్లనూ కలుపుతుంది, కరెంటు పారుతుంది. లీటరుకు 500 ఫెమ్టోమోల్‌లంత పలచని డీఎన్‌ఏ కూడా ఇలా దొరికింది.

బెంగళూరు బృందం పట్టుకున్నది మరో చిక్కును: పట్టీల తయారీ. 2011లో నీటిని పీల్చే పట్టుదారాన్నీ, పీల్చని దారాన్నీ కలిపి జకార్డు మగ్గం మీద నేసి, ద్రవం ఎటు పారాలో నేతతోనే నిర్ణయించారు. దారం పురి మారిస్తే ద్రవం పాకే వేగం మారింది. 2015లో ఎలక్ట్రోడులే నేతలో చేరాయి. సిరా, రసాయనాలు పూసిన దారాలను బట్టలో నేసి, లామినేట్ చేసి, పట్టీలుగా కత్తిరించారు. స్క్రీన్ ప్రింటింగ్‌లో రసాయనం వృథా అవుతుంది, దారానికైతే కావలసినంతే పూస్తారు.

దీన్నీ మిర్కిన్ పద్ధతినీ ఒకే గాటన కట్టకూడదు. అక్కడి గొప్ప సున్నితత్వం, ఇక్కడిది చవకగా, ఎక్కడికక్కడ తయారు చేయగలగడం. ఉన్న మగ్గాలు, ఉన్న పనితనంతోనే వీటిని పెద్దఎత్తున నేయవచ్చని ఆ పరిశోధకుల వాదన. పెనుకొండను నడుమ పెట్టుకుని హిందూపురంలో గూళ్లు, ధర్మవరంలో మగ్గాలు ఉన్న ఈ ప్రాంతం ఆ వాదనను పరీక్షించడానికి అన్నివిధాలా తగినది.