స్వచ్ఛంద సేవకుల పంక్తి: రెడ్ క్రాసు చరిత్రలో ఒక అధ్యాయము

గాయపడినవాడు ఏ పక్షమువాడని అడుగక కట్టు కట్టవలెననుట రెడ్ క్రాసునకు పుట్టుకతో వచ్చిన నియమము. ఆ కట్టు కట్టు చేయి ఎవరిది కావచ్చునన్న ప్రశ్న మాత్రము అంత సులభముగ తేలలేదు. శ్రోతలకు మేము నేడు మనవి చేయదలచినది ఈ రెండవ ప్రశ్న చరిత్రయే.

1859 జూన్ 24వ తేదీన ఉత్తర ఇటలీలోని సోల్ఫెరీనో వద్ద ఫ్రాన్సు, సార్డీనియా సేనలు ఒకవైపును, ఆస్ట్రియా సేన మరొకవైపును నిలిచి పోరినవి. క్షతగాత్రులు వేలకొలదిగ సమీపముననున్న కాస్టిల్యోనె పట్టణమును చేరిరి. చర్చిలోను, ఇండ్లలోను, వీధులలోను వారే. ఆ ఊరి స్త్రీలు నీరు మోసిరి, పుండ్లు కడిగిరి. శత్రువు, మిత్రుడు అను తేడా చూపలేదు. సొంత పనిమీద అటు వచ్చిన జెనీవా పౌరుడు హెన్రీ డ్యూనాంటు ఇది కన్నులార చూచి, వారితో కలిసి పనిచేసి, 1862లో గ్రంథస్థము చేసెను. ఆ గ్రంథ ప్రభావమున 1863లో జెనీవాలో ఒక సమితి ఏర్పడెను. సభ్యులు ఐదుగురు, ఐదుగురును పురుషులే. స్త్రీల చేతి పనిని చూచి పుట్టిన సంస్థలో స్త్రీకి సభ్యత్వము లభించుటకు 55 సంవత్సరములు పట్టినది. 1918లో సమితిలో ప్రవేశించిన మార్గరెట్ క్రామరు అప్పటికే యుద్ధఖైదీల సమాచార కార్యాలయమున ముఖ్యమైన బాధ్యతలు వహించిన విదుషి. పనికి ముందు పిలిచి, పీటకు తరువాత పిలుచుట ఒక్క జెనీవాలోనే ఉన్న వింత కాదు గదా!

చిహ్నము విషయమున మరొక చిక్కు కలిగినది. ఎర్ర సిలువ స్విట్జర్లాండు పతాకపు రంగులను తారుమారు చేసినదే గాని మతచిహ్నము కాదని పెద్దలు చెప్పుచువచ్చిరి. యుద్ధభూమిలోని సైనికునకు ఈ వ్యాఖ్యానము తెలియదు. అతనికి కనబడునది సిలువయే. కనుక 1876లో తురుష్క ప్రభుత్వము తమ సేవాదళములు నెలవంకను ధరించునని ప్రకటించెను. ఆ నెలవంకకు ఒప్పందములో స్థానము దొరకినది 1929లో. మన దేశమున 1920నాటి చట్టముచే ఏర్పడిన సంఘము సిలువనే స్వీకరించినది.

అన్నిటికంటె బాధాకరమైన ఘట్టము అమెరికాలో జరిగినది. 1941లో అక్కడి రెడ్ క్రాసు సైన్యము కొరకు రక్తము సేకరింప నారంభించెను. ప్లాస్మాను నిలువచేయు విద్యలో ఆరితేరిన డాక్టరు చార్లెస్ డ్రూ తొలుత ఆ పనికి వైద్యాధికారిగ నుండెను. ఆయన నల్లజాతివాడు. సైన్యాధికారుల కోరికపై సంస్థ నల్లవారి రక్తమును తీసికొనరాదని నిశ్చయించినది. అనగా రక్తము చెడకుండ కాపాడు మార్గము చెప్పినవాని రక్తమే ఆ సీసాలకు పనికిరానిదయ్యెను! నల్లజాతి సంఘములును, వారి పత్రికలును గట్టిగ నిరసింపగా, 1942 జనవరిలో ఆ రక్తమును తీసికొనుటకు అంగీకరించిరి. అయితే చీటీ అంటించి వేరుగ ఉంచవలెనని నిబంధన. విందునకు పిలిచి వేరు పంక్తిలో కూర్చుండబెట్టుట మన ఊళ్లలో ఎరుగనిది కాదు. రక్తములో ఎ, బి, ఓ అను వర్గములు గలవు గాని జాతిభేదము లేదని వైద్యులు నాడే చెప్పిరి. సంస్థవారికి ఆ సంగతి తెలియకపోలేదు. తెలిసియు, దాతలలో పెక్కుమంది తెల్లవారి మనసు నొచ్చునేమోయని వెనుదీసిరి. ఇది అజ్ఞానముకంటె పెద్ద దోషమని మా అభిప్రాయము. డ్రూ 1950 ఏప్రిలులో మోటారు ప్రమాదమున మరణించెను. దాతల చీటీలపై జాతి పేరు వ్రాయుట ఆ సంవత్సరము చివరకు గాని ఆగలేదు.

1965లో వియన్నా మహాసభ ఏడు మూలసూత్రములను ప్రకటించెను. నిష్పక్షపాతము, స్వచ్ఛంద సేవ వానిలో నుండుట సహజమే. మేము గమనింపదగినదిగ తలచునది ఏకత్వమను సూత్రము. ఒక దేశమున ఒకే జాతీయ సంఘము ఉండవలెను, దాని ద్వారము అందరికిని తెరచియుండవలెను అని దాని భావము. సేవ పొందువారికి సోల్ఫెరీనోలోనే దక్కిన సమత సేవ చేయువారికి అక్షరరూపమున దక్కుటకు నూరేండ్లు దాటినది.

అటుపిమ్మటను కొందరు వెలుపలనే నిలిచిరి. ఇజ్రాయెలు సంఘము 1930లో పుట్టినది. దాని ఎర్ర నక్షత్రమును 1949 సమావేశము అంగీకరింపలేదు. ఈ సంఘమును చేర్చుకొనలేదన్న కారణమున 2000 నుండి కొన్నేండ్లు తన చందాను నిలిపివేసినది, చిత్రముగ, నాడు రక్తమును వేరుచేసిన అమెరికా రెడ్ క్రాసే. 2005లో ఏ మతమునకును చెందని ఎర్ర స్ఫటికమును మూడవ చిహ్నముగ ఆమోదించిరి. 2006 జూన్‌లో ఇజ్రాయెలు సంఘమును, పాలస్తీనా నెలవంక సంఘమును ఒకే సభలో చేర్చుకొనిరి. ఇజ్రాయెలు సేవకులు స్వదేశమున తమ నక్షత్రమునే ధరింతురు. విదేశములకు పోవునపుడు దానిని స్ఫటికము నడుమ ఉంచుకొను వీలు కలిగినది.