ఉచిత న్యాయ సహాయం – శరణార్థులు, వలస కార్మికుల అర్హత

రాజ్యాంగంలోని 39ఎ అధికరణ (42వ సవరణ, 1976) ఉచిత న్యాయ సహాయాన్ని ‘పౌరుల’కు ఉద్దేశించినది. 1995 నవంబరు 9 నుండి అమలులోనున్న న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ మాత్రం ‘ప్రతి వ్యక్తి’ అని పేర్కొనుచున్నది. తేడా ఒక్క పదమే గాని, పౌరసత్వము లేని శరణార్థికి ఆధారమదియే. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో భారతదేశము చేరలేదు. ప్రత్యేక శరణార్థి చట్టమునూ చేయలేదు.

మహిళలు, బాలలు, నిర్బంధములోనున్నవారు, అక్రమ రవాణా బాధితులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయ పరిమితితో నిమిత్తము లేకుండ అర్హులు. వలస కార్మికులలో పెక్కుమంది ఈ వర్గములలోనివారే. కేసునకు ప్రాథమిక ఆధారముండవలెను. దరఖాస్తును జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు సమర్పించవచ్చును. వ్రాయలేనివారికి పారాలీగల్ వాలంటీర్లు తోడ్పడుదురు. జాతీయ సహాయవాణి సంఖ్య: 15100.