ముందు ఊపిరి: హైదరాబాదు చూపిన దారి

నిండు గర్భిణి రోడ్డు ప్రమాదంలో స్పృహ తప్పి పడిపోయిందనుకోండి. చుట్టూ జనం మూగుతారు. కడుపులో బిడ్డ ఏమైందోనని ఒకరు, కాస్త నీళ్లు తాగించమని ఇంకొకరు. వైద్యులు మాత్రం మొట్టమొదట చూసేది తల్లికి ఊపిరి ఆడుతున్నదా లేదా అని. తల్లి ఊపిరే బిడ్డ ఊపిరి కదా! ఈ పాఠం వైద్యలోకానికి ఒక్కరోజులో అబ్బలేదు. అందులో ఒక అధ్యాయం మన హైదరాబాదులోనే జరిగిందని మనలో ఎందరికి తెలుసు?

1847లో ఎడింబరోలో సింప్సన్ అనే ప్రసూతి వైద్యుడు క్లోరోఫారాన్ని వాడుకలోకి తెచ్చాడు. నొప్పి తీరింది గాని, మత్తులోనే కొందరి ప్రాణాలూ పోయేవి. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని వైద్యుల మధ్య పెద్ద తగవు నడిచింది. అది తేల్చడానికి హైదరాబాదు మెడికల్ స్కూలు అధిపతి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక కమిషన్, 1889లో మరొక కమిషన్ నడిపారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారు వెయ్యి పౌండ్లు ఇవ్వగా లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చారు. వందలాది జంతువులపై పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని, మత్తిచ్చేవారు ఊపిరినే కనిపెట్టి ఉండాలని తేల్చారు. ఆ కాలంలోనే రూపాబాయి ఫర్దూన్జీ గారు హైదరాబాదులో మత్తిచ్చే వైద్యురాలిగా పేరు పొందారు.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ తీర్పు పూర్తిగా నిలవలేదు. క్లోరోఫారం గుండెను నేరుగా కూడా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. అయినా ఊపిరి మీద కన్నేసి ఉండాలన్న మాట మాత్రం నిలిచింది.

గర్భిణుల విషయంలో మరో చిక్కుంది. 1946లో న్యూయార్కు వైద్యుడు మెండెల్సన్ 44,016 మంది గర్భిణుల రికార్డులు తిరగేసి, 66 మందికి మత్తులో ఉండగా కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయిందని తెలిపాడు. 1961లో లండన్‌లో సెలిక్, గొంతు ముందు భాగాన్ని నొక్కిపట్టి ఆహారనాళాన్ని మూసే పద్ధతి చెప్పాడు. దాని ప్రయోజనంపై ఇప్పుడు వాదోపవాదాలున్నా, స్పృహ లేని గర్భిణి శ్వాసనాళాన్ని కాపాడాలన్నది అందరూ ఒప్పుకున్నదే. పైగా గర్భిణికి ప్రాణవాయువు సుమారు అయిదో వంతు ఎక్కువ కావాలి. ఊపిరితిత్తుల్లో నిల్వ మాత్రం తగ్గుతుంది. అందుకే వైద్యులకు దొరికే వ్యవధి చాలా తక్కువ. గొంతు వాచి ఉంటుంది గనుక కాస్త సన్నని గొట్టం వేస్తారు. వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాలపై పడుతుంది గనుక ఎడమ వైపుకు ఒరిగిస్తారు.

మరి మన వంతు? వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. ఊపిరి ఆడుతుంటే, మెడ, నడుము మెలిపడకుండా నలుగురూ కలిసి ఒక్కసారిగా ఎడమ పక్కకు తిప్పాలి. ఊపిరి ఆగితే క్షణం ఆలస్యం చేయక గుండెపై నొక్కడం మొదలుపెట్టాలి. మన ఇళ్లలో పెద్దా చిన్నా అందరికీ ఈ నాలుగు మాటలు తెలియాలి. తల్లి నిలిస్తేనే బిడ్డ నిలిచేది.