తెల్లసొన కాగితం నుంచి కొరియర్ కవరు దాకా

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచిన కాలంలో, కోడిగుడ్డు తెల్లసొన పూసి వెండి లవణంతో తడిపిన ఆల్బుమెన్ కాగితాన్ని గాజు నెగటివ్ కింద ఎండలో ఉంచి ముద్రించేవారు గనుక, నెగటివ్ ఎంతో బొమ్మా అంతే. అదే హైదరాబాదులో నేడు ఫోనులోనే ఆర్డరిచ్చి ప్రింట్లను కొరియరులో తెప్పించుకోవచ్చు. అయినా వెండి పోలేదు, లేజరు కాంతితో వెండి హాలైడ్ కాగితంపై ముద్రించే ల్యాబులు సిరా చిమ్మే ఇంక్‌జెట్ యంత్రాల పక్కనే కొనసాగుతున్నాయి. ప్రింట్ల సేవను ఎంచుకునేవారు ధరకన్నా ముందు అడగవలసింది వెండి కాగితమా, ఇంక్‌జెట్టా అన్న సంగతే. ఆ తరువాత కొలత కూడా చూసుకోవాలి: 4:3 నిష్పత్తిలో తీసిన ఫోన్ బొమ్మను 4×6 అంగుళాల కాగితం నిండా ముద్రిస్తే అంచులు తెగుతాయి. పెళ్లి గ్రూపు ఫొటోలో వెనక వరుసవారి తలపాగాలు పోయేది ఇక్కడే.